ముప్పై డిగ్రీల చలి

నేను ఒక గోడ పెట్టెను. అరచేతిలో ఇమిడేంత తెల్ల ప్లాస్టిక్ పెట్టె, ముఖాన గాలి వేడి చూపే ఒక అంకె, దాని కింద మీరు కోరిన అంకె పెట్టుకోవడానికి రెండు బొత్తాలు. పెద్ద ఏసీలున్న ఆఫీసుల్లో మీరు నన్ను చూసే ఉంటారు. చూసి ఏ కాలింగు బెల్లో అనుకుని ఉంటారు. నా పేరు థర్మోస్టాట్. నా చుట్టూ గాలి ఎంత వేడిగా ఉందో చూడటం, మీరు కోరినంత చల్లబడేదాకా మిషన్‌ని తిరగనివ్వడం, చల్లబడగానే ఇక చాలు అని ఆపేయడం, ఇంతే నా ఉద్యోగం. ఇక చాలు అనడం మనుషులకు చేతకాదు. అందుకే నన్ను కనిపెట్టారు. కనిపెట్టిన తరువాత నా నోరు నొక్కేశారు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు మీరంటే రోత. పాత వస్తువులు తమ యజమానుల్ని తలుచుకుని కన్నీరు పెట్టుకుంటాయని మీకొక నమ్మకం ఉంది. అదంతా మీ ముచ్చట. నా ఒంటి మీద మీ చేతుల జిడ్డు తప్ప ఇంకేమీ మిగల్లేదు. తలుచుకోదగ్గ మనిషి నాకు ఒక్కతే తారసపడింది. ఆమె గురించి చెప్పడానికే నోరు విప్పాను. మిగతావాళ్ళు ఆమెకు అడ్డంగా నిలబడ్డారు కాబట్టి వాళ్ళ గురించి కూడా చెప్పాల్సి వస్తోంది.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నన్ను మొదట ఒక వేడి డబ్బాలో పెట్టారు, తరువాత ఒక చల్లటి డబ్బాలో పెట్టారు. రెండుచోట్లా ఉన్నదున్నట్టు చెప్పానని తేలాక ముద్ర వేసి బయటికి పంపారు. నిజం చెప్పినందుకు నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

మొదట నన్ను బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక పట్టుచీరల దుకాణంలో బిగించారు. ఆ షాపువాళ్ళు తలుపులు మూసేవాళ్ళు కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే, రెండు రెక్కలూ బార్లా తెరిచి, లోపలి చలిని ఫుట్‌పాత్ మీదికి వదిలేవాళ్ళు. ఎండలో నడిచే ఆడవాళ్ళ కాళ్ళకు ఆ చల్లగాలి తగిలితే లోపలికి వస్తారట. చేపకు ఎర వేసినట్టు మనుషులకు గాలి వేసేవాళ్ళు. నేనేమో ఇంకా చల్లబడలేదు, ఇంకా చల్లబడలేదు అంటూనే ఉండేదాన్ని. వీధి మొత్తం చల్లబడితే కదా నేను ఆగేది! పై అంతస్తులో రేకుల కింద కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టే పిల్లలకు మాత్రం ఒక ఫ్యాను ఉండేది. అది కూడా ఒకవైపే తిరిగేది. దుకాణానికి కొత్త హంగులు చేసినప్పుడు నన్ను ఊడదీశారు. కాంట్రాక్టరు నన్ను తుడిచి, కొత్తదని చెప్పి, లబ్బీపేటలో ఒక ఆఫీసుకు అంటగట్టాడు.

ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. ఆసుపత్రుల నుంచి వచ్చే బిల్లుల్ని కంప్యూటర్లలోకి ఎక్కించి ఇన్సూరెన్సు కంపెనీలకు పంపడం వాళ్ళ పని. గదికి పడమటి వైపు గోడ లేదు, మొత్తం అద్దమే. బెజవాడలో పడమర ముఖానికి అద్దం పెట్టినవాడు ఈ ఊళ్ళో ఒక్క వేసవి అయినా గడిపాడా అని నాకు సందేహం. ఎండ లోపలికి వస్తోందని ఆ అద్దాలకు లావుపాటి తెరలు వేశారు. తెరలు వేస్తే చీకటి అయిందని పట్టపగలు ట్యూబులైట్లు వేశారు. లైట్ల వేడి, అద్దం వేడి కలిసి ఉడికిస్తున్నాయని ఏసీ పెంచారు. ఇంత తెలివి ఒక్కచోట పోగుపడటం నేను మళ్ళీ చూడలేదు.

పొద్దున్నే చెమటలు కక్కుకుంటూ వచ్చిన ప్రతివాడూ ముందు నా దగ్గరికే వచ్చేవాడు. పులిహోర తిన్న వేలు, సంపెంగ నూనె రాసుకున్న వేలు, ముక్కు తుడుచుకున్న వేలు, అన్నీ నా బొత్తాల మీదే. అంకెను కిందికి నొక్కేసి పోయేవాళ్ళు. కాసేపటికి గది మధ్యలో కూర్చునే ఆడవాళ్ళు వచ్చి పైకి నొక్కేవాళ్ళు. అద్దం పక్కవాడికి ఉక్క, మధ్యలో ఉన్నామెకు వణుకు. ఇద్దరి బాధా నిజమే. మధ్యస్థంగా ఇరవై ఆరు దగ్గర ఉంచి, తలా ఒక ఫ్యాను వేసుకుంటే ఇద్దరికీ సరిపోయేది, కరెంటు కూడా మిగిలేది. కానీ ఫ్యాన్లుంటే ఆఫీసు చౌకగా కనిపిస్తుందని వాటిని ముందే పీకించేశారు.

ఈ గొడవ భరించలేక మేనేజరు భద్రప్రసాద్ గారు నా మీద ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా బిగించి తాళం వేశాడు. గాలి ఆడటానికి డబ్బా అడుగున నాలుగు చిల్లులున్నాయి. తాళంచెవి ఆయన కారు తాళాలతో పాటే ఉండేది. ఆయన చెడ్డవాడని అనను. బెజవాడలో మే నెలలో కోటు వేసుకునే మనిషి. చలికి తట్టుకోలేక కోటు లోపల చేతుల్లేని స్వెట్టరు కూడా తొడుక్కునేవాడు. అంకె ఇరవై రెండు దగ్గర పెట్టి, ఆఫీసంటే ఇలా ఉండాలి అన్నాడు.

మనుషులు నన్ను ముట్టుకోలేక పైకప్పు మీద పడ్డారు. పైకప్పులో గాలి వచ్చే కంతలుంటాయి కదా, ఎవరి నెత్తి మీది కంతను వాళ్ళు మూసేసుకున్నారు. ఒకడు అట్టముక్క పెట్టాడు, ఒకామె క్యాలెండరు మడిచి దోపింది, ఇంకొకడు పాత ఫైలును టేపుతో అంటించాడు. ఆ గాలి ఎక్కడికి పోతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు, లేదా వచ్చినా పట్టలేదు. అన్ని కంతలూ మూసుకుపోగా మిగిలిన ఒక్క కంతలోంచి మొత్తం చలి ఒక్కచోట కురిసేది. దాని కింద శేషుకుమారి కూర్చునేది.

శేషుకుమారికి నలభై దాటాయి. బిల్లులు ఎక్కించడంలో ఆ ఆఫీసులో ఆమెను మించినవాళ్ళు లేరు. భర్త ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తూ నడుం విరిగి మంచాన పడ్డాడు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. నేను అద్దె కడతానో లేదో నా వేళ్ళు చెప్పాలి అని ఆమె ఒకసారి పక్కనామెతో నవ్వుతూ అంది. ఆ వేళ్ళకే ఒక జబ్బుంది. చలి తగిలితే చివర్లు తెల్లగా పాలిపోతాయి, తరువాత నీలంగా మారతాయి, స్పర్శ పోతుంది. అప్పుడు ఆమె ఒక అక్షరం కొట్టబోతే ఇంకొకటి పడుతుంది. డాక్టరు చలికి దూరంగా ఉండమన్నాడట. ఆ మాట ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటూ కాదు, విసుక్కుంటూ చెప్పింది. కంత మూయడానికి బల్ల ఎక్కవచ్చు కదా అని పక్కవాళ్ళు సలహా ఇచ్చారు. నేను కూడా మూసేస్తే ఆ గాలి ఎవరి మీద పడుతుందో అని ఆమె ఎక్కలేదు. అంతమందిలో ఆ ప్రశ్న వేసుకున్నది ఆమె ఒక్కతే. దానికి ప్రతిఫలం ఏం దక్కిందో మీరే చూస్తారు.

ఆ వేసవిలో కంపెనీకి ఒక పెద్ద కాంట్రాక్టు చేజారింది. పని ఆలస్యంగా చేస్తున్నారని ఆ కంపెనీవాళ్ళు మొహం మీదే చెప్పారు. భద్రప్రసాద్ గారికి మాత్రం అసలు కారణం వాస్తు అని అనిపించింది. వాస్తు చూసే పెద్దమనిషి వచ్చాడు. గదంతా దిక్సూచి పట్టుకుని తిరిగి, దేవుడి పటాలు నైరుతిలో ఉన్నాయని ముక్కున వేలేసుకుని, ఈశాన్యానికి మార్చమన్నాడు. ఈశాన్యపు గోడ మీద ఉన్నది నేను. వడ్రంగిని పిలిచి నాకు సరిగ్గా జానెడు కింద ఒక చెక్క అర బిగించారు. దాని మీద వెంకటేశ్వరస్వామి పటం, లక్ష్మీదేవి పటం, ఒక చిన్న వినాయకుడు. పొద్దున ఆఫీసు తెరిచినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా అక్కడ దీపం వెలుగుతూనే ఉండాలని ఆయన చెప్పిపోయాడు.

ఆఫీసులో దీపం పెట్టడానికి ఆడవాళ్ళెవరైనా ముందుకు రావాలని భద్రప్రసాద్ గారు అడిగాడు. అందరూ కీబోర్డుల్లోకి తలలు దించుకున్నారు. శేషుకుమారి లేచింది. మర్నాడు ఇంటి నుంచి తన ఇత్తడి కుంది తెచ్చింది. ఏసీ గాలికి దీపం రెపరెపలాడుతుంటే, కొండెక్కకూడదని చుట్టూ ఒక గాజు బుడ్డి కూడా నిలబెట్టింది. దీపం బాగా నిలబడింది. ఆ వేడి గాజు లోంచి తిన్నగా పైకి లేచి, నా డబ్బా చిల్లుల్లోంచి లోపలికి వచ్చి, బయటికి పోయే దారిలేక నా చుట్టూ కూర్చుంది.

నాకు తెలిసేది నా చుట్టూ ఉన్న జానెడు గాలి మాత్రమే. అది ముప్పై డిగ్రీలుంటే ముప్పై అంటాను. గదిలో మిగతా గాలి ఎలా ఉందో నేను లేచి వెళ్ళి చూడలేను కదా. ముప్పై అన్నాను. మిషన్ అందుకుంది. ఇక దానికి ఆగడమన్నదే లేకుండా పోయింది.

మర్నాటి నుంచి ఆ గది శవాల గదిలా తయారైంది. మగవాళ్ళు మంకీ క్యాపులు తెచ్చుకున్నారు. ఆడవాళ్ళు శాలువాలు, రగ్గులు డ్రాయర్లలో దాచుకున్నారు. నేల మీది తివాచీ చెమ్మగిల్లి తడికుక్క వాసన వేసింది. ఒకడు తుమ్మితే గదంతా వరసగా తుమ్మేది. ఇద్దరు ముగ్గురు బల్లల కింద చిన్న చిన్న హీటర్లు పెట్టుకున్నారు. పైన చల్లబరిచే మిషన్‌కు కరెంటు, కింద వెచ్చబరిచే మిషన్‌కు కరెంటు, మధ్యలో రగ్గు కప్పుకుని ముక్కు చీదుకునే మనిషి. బయట వీధిలో మున్సిపాలిటీ ఆడవాళ్ళు నెత్తిన తడిగుడ్డ వేసుకుని రోడ్డు ఊడుస్తున్నారు. ఈ రెంటికీ మధ్య ఒక్క అద్దమే అడ్డం. దీన్ని చూసి కూడా నాకు మీ మీద రోత పుట్టకపోతే నాలో ఏదో తీగ తెగిందని అనుకోవాలి.

శేషుకుమారికి దీపం పెట్టే పని మీద ఇష్టం పెరిగింది. భక్తి ఉంది, కాదనను. కానీ అసలు సంగతి వేరు. ఆ గదిలో వెచ్చగా ఉన్న చోటు అదొక్కటే. వత్తి వెలిగించాక రెండు చేతులూ గాజు బుడ్డి చుట్టూ పెట్టి, చూసేవాళ్ళకు దండం పెడుతున్నట్టు నిలబడేది. నీలమైన వేళ్ళలోకి నెమ్మదిగా రంగు వచ్చేది. అప్పుడు కళ్ళు మూసుకుని, స్వామీ, ఈ చలి ఒక్కటి తగ్గించు, ఇంకేం వద్దు అని గొణుక్కునేది. పనిచేస్తూ చేస్తూ వేళ్ళు కొయ్యబారితే మళ్ళీ వచ్చేది. చలి ఎక్కువైన కొద్దీ వత్తి లావు చేసింది. వత్తి లావైన కొద్దీ చలి ఎక్కువైంది. జానెడు పైన కూర్చుని నేను ఇదంతా చూశాను. నాకున్నది ఒక్క అంకె. దానితో ఎవరికైనా ఏం చెప్పగలను?

శ్రావణమాసంలో ఒకరోజు ఆమె ఇక తట్టుకోలేక మేనేజరును నా దగ్గరికే పిలుచుకొచ్చింది. ఏసీ అంకె కొంచెం పెంచమని, లేకపోతే తన సీటు మార్చమని అడిగింది. డాక్టరు చెప్పిన సంగతి కూడా చెప్పింది. భద్రప్రసాద్ గారు కోటు గుండీ పెట్టుకుంటూ నా ముఖం చూశాడు.

"ముప్పై ఉంది, చూడండి. ముప్పైలో చలేంటండీ?"

"అంకె సంగతి నాకు తెలీదు సార్. నా వేళ్ళు చూడండి."

"మీ ఒంట్లో ఏదో తేడా ఉందమ్మా. మిషన్ అబద్ధం చెప్పదు కదా. మంచి డాక్టరుకి చూపించుకోండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన పళ్ళు కటకటలాడుతున్నాయి. చేతులు చంకల్లో దోపుకున్నాడు. అయినా తన ఒళ్ళు చెప్పేది ఆయనకు వినబడలేదు, నా అంకె ఒక్కటే కనబడింది. సీటు మార్చడం కూడా కుదరదన్నాడు. వాస్తు పెద్దమనిషి బల్లల వరస కూడా చెప్పి వెళ్ళాడట.

తరువాత హెడ్డాఫీసు నుంచి కరెంటు బిల్లు మీద చీవాట్లు వచ్చాయి. ఎక్కడ పొదుపు చేస్తారో చేసి చూపించమన్నారు. భద్రప్రసాద్ గారు మీటింగు పెట్టాడు. సగం ట్యూబులైట్లు తీయించాడు. కాఫీ మిషన్ ఆపించాడు. బల్లల కింది హీటర్లు పట్టుకుని, తన కాళ్ళ దగ్గరిది ఒక్కటి తప్ప అన్నీ స్టోరు గదిలో పెట్టించాడు. మేము చలికి చస్తుంటే ఏసీ సంగతి చూడరేంటి అని ఎవరో అన్నారు. ఏసీ ఎందుకు ఆగకుండా తిరుగుతోందో తనకు తెలుసన్నాడు. ముప్పై చూపిస్తోంది కాబట్టి అది ఇరవై రెండుకు దిగలేక ఆయాసపడుతోందట. అంకె ఇంకా కిందికి పెడితే గది గబగబా చల్లబడి, మిషన్‌కు విశ్రాంతి దొరుకుతుందట. తాళం తీసి పద్దెనిమిది పెట్టాడు. అందరూ తలలూపారు. పద్దెనిమిది పెట్టినా ఇరవై ఆరు పెట్టినా మిషన్ చల్లబరిచే వేగం ఒక్కటే, ఎక్కడ ఆగాలన్నదే తేడా. ఇది తెలియడానికి చదువు అక్కర్లేదు. ఇంట్లో ఇస్త్రీపెట్టె వాడినవాళ్ళకు తెలుస్తుంది. కానీ మేనేజరు చెప్పాక తెలిసింది కూడా మరిచిపోవడం ఆఫీసు మర్యాద.

శేషుకుమారి వెనకబడింది. ఒకప్పుడు అందరికంటే ముందు తన కట్ట ముగించి పక్కవాళ్ళ కట్టలు కూడా అందుకునే మనిషి, ఇప్పుడు తన కట్టలో సగం దగ్గరే సాయంత్రం అయ్యేది. తప్పులు కూడా పడ్డాయి. ఒక రోగి బిల్లులో సున్నా ఎక్కువ పడి గొడవ అయింది. హెడ్డాఫీసు ఇక మనుషుల్ని తగ్గించాలని, వేగం పరీక్ష పెట్టి వెనకబడినవాళ్ళను పంపించేయాలని నిర్ణయించింది. పరీక్ష కార్తీకమాసంలో పడింది, అందులోనూ పౌర్ణమి నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కార్తీక పౌర్ణమికి మీ ఆడవాళ్ళు ఏం చేస్తారో తెలుసు కదా. ఏడాదిలో ఏ రోజైనా దీపం పెట్టడం తప్పిందేమోనని, రోజుకొకటి చొప్పున మూడువందల అరవై అయిదు వత్తులు ఒకే గుత్తిగా కట్టి, నేతిలో నానబెట్టి, ఒక్కసారిగా వెలిగిస్తారు. ఇళ్ళలో తులసికోట దగ్గర వెలిగిస్తారు, గుళ్ళలో వెలిగిస్తారు. శేషుకుమారి ఇంటి దగ్గర చేయలేదు. ఉద్యోగం నిలబెట్టాల్సింది ఈ ఆఫీసు దేవుడే కనుక ఇక్కడే వెలిగిస్తానని మొక్కుకుంది. తెల్లవారకముందే కృష్ణలో తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, అందరికంటే ముందు వచ్చింది. వత్తుల గుత్తిని ఇత్తడి పళ్ళెంలో పెట్టి నా కింద ఉంచి అంటించింది.

అంత మంట నేను ఎన్నడూ ఎరగను. నా అంకె నలభై దాటింది, యాభై దాటింది. నా డబ్బా అడుగు మెత్తబడి వంకర పోయింది. తెల్లటి నా ముఖం మసిబారింది. భద్రప్రసాద్ గారు వచ్చి కళ్ళకద్దుకుని, ఆ మంటనూ ఆమెనూ కలిపి ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. మన శేషుకుమారి గారి భక్తి అని కింద రాసి చదివి వినిపించాడు కూడా. అదే చేత్తో, అదే ఫోనులో, పరీక్ష మొదలుపెట్టమని హెడ్డాఫీసుకు చెప్పాడు.

నేనేం చేయగలను? గది తగలబడిపోతోంది అన్నాను. మిషన్ ఉన్న బలమంతా పెట్టి ఊదింది. ఆ చలి అంతా ఒక్క కంతలోంచి, తడితల మీద, పరీక్ష రాస్తున్న మనిషి మీద పడింది. ఆమె మాటిమాటికీ వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదుకుంది. చీర కొంగులో చుట్టుకుంది. ఒకసారి లేచి దీపం దగ్గరికి రాబోయింది, పరీక్ష మధ్యలో లేవకూడదని భద్రప్రసాద్ గారు కూర్చోబెట్టాడు. సమయం అయ్యేసరికి ఆమె వేళ్ళు తెల్లగా, బిగుసుకుని, ఆమెవి కానట్టు కీబోర్డు మీద పడి ఉన్నాయి. పరీక్షలో అందరికంటే ఆఖరున నిలిచింది.

మర్నాడు ఆమెను లోపలికి పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె బయటికి వచ్చి డ్రాయరులో ఉన్నవి సంచిలో సర్దుకుంది. చివరికి నా కిందికి వచ్చింది, తన కుంది తీసుకుపోవడానికి. కుంది ఆమెది కదా. వెలుగుతున్న దీపాన్ని నోటితో ఊదడం మీ వాళ్ళలో పాపం. ఒక పువ్వు తీసి వత్తిని నూనెలోకి నెట్టింది. దీపం కొండెక్కింది. గాజు బుడ్డి, కుంది కిందికి దించి, పాత పేపరు పరిచి అంటిన నూనె తుడవసాగింది.

వేడి పోయింది. ఆ గది అసలు గాలి అన్ని నెలల తరువాత మొదటిసారి నన్ను తాకింది. నా అంకె దిగడం మొదలైంది. ఇరవై ఎనిమిది, ఇరవై నాలుగు, ఇరవై. కుంది తుడుస్తూ ఆమె తలెత్తింది. అంకె పద్దెనిమిది దాటి పదిహేడుకు దిగింది. నేను ఇక చాలు అన్నాను. మిషన్ ఆగింది.

అన్ని నెలలుగా చెవుల్లో మోగుతున్న ఆ హోరు ఆగేసరికి గదంతా తలలెత్తింది. శేషుకుమారి నన్ను చూసింది. చేతిలోని కుందిని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.  భద్రప్రసాద్ గారు గదిలోంచి బయటికి వచ్చాడు.

"ఏసీ ఎవరు ఆపారు?"

"నేనే సార్," అంది ఆమె. "ఇన్నాళ్ళూ ఆగకుండా తిప్పింది కూడా నేనే. రోజూ పొద్దున్నే ఈ దీపం పెట్టి."

ఆయన దగ్గరికి వచ్చాడు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఈ పెట్టెకు తెలిసింది దీపం వేడే, గది చలి కాదు. ముప్పై దీపానిది, మనది పదిహేడు. అంకె కళ్ళెదుటే ఉంది. ఆయన దాన్ని చూశాడు, కింద ఖాళీ అయిన అరను చూశాడు, మసిబారిన నా డబ్బాను చూశాడు. అర్థమైంది. అర్థం కాలేదని నేను అనలేను, ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనబడింది.

"చలి లేకపోతే నా వేళ్ళకేం కాదు సార్. దీపం కొంచెం పక్కకి జరిపితే చాలు. ఒక్క నెల చూడండి, ఇదే సీట్లో కూర్చుంటాను."

ఫోను ఆయన చేతిలోనే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆ మాట చెబితే కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో చెప్పాలి, అరను ఎవరు పెట్టించారో చెప్పాలి, చలికి వణుకుతున్నవాళ్ళకు ముప్పై చూపించింది ఎవరో చెప్పాలి.

"ఆర్డరు వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు. "నా చేతుల్లో ఏం లేదు."

ఆమె కుందిని పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మేనేజరు వెనక్కి పిలుస్తాడేమోనని మెట్ల దగ్గర కొద్దిసేపు ఆగినట్టు నాకు వినబడింది. ఆయన పిలవలేదు.

ఆ మధ్యాహ్నం గది నెమ్మదిగా వెచ్చబడింది. మిషన్ ఆగి, మళ్ళీ తిరిగి, మళ్ళీ ఆగింది. మంకీ క్యాపులు తీశారు. రగ్గులు మడిచారు. హాయిగా ఉందండీ ఇవాళ అని ఒకడు ఒళ్ళు విరుచుకున్నాడు. కార్తీకం కదా, వాతావరణం మారింది అని ఇంకొకామె అంది. ఆ హాయి ఎవరు వెళ్ళిపోతూ ఇచ్చి వెళ్ళారో ఒక్కరూ తలుచుకోలేదు. ఆమె సీటు మీది కంతలోంచి వచ్చే గాలి ఖాళీ కుర్చీ మీద పడుతుంటే, బాగానే ఉంది అనుకున్నారు. పీనుగను గడప దాటించి విందుకు కూర్చున్నట్టుంది నాకు. నన్ను ఊడబెరికి ఏ తుక్కు బండిలోనైనా పడేస్తే బాగుండునని ఆ పూట అనిపించింది.

మర్నాడు పొద్దున భద్రప్రసాద్ గారు అందరికంటే ముందు వచ్చాడు. ఇంటి నుంచి వెండి కుంది తెచ్చాడు, పక్కనే గాజు బుడ్డి కూడా. ఈశాన్యం చీకటిగా ఉంటే లక్ష్మి నిలవదని వచ్చినవాళ్ళకు చెప్పాడు. దీపం తీసేస్తే నిన్న ఆమె చెప్పింది నిజమైపోతుందన్న సంగతి మాత్రం చెప్పలేదు. శేషుకుమారి కుర్చీలో సగం జీతానికి కొత్తగా చేరిన అమ్మాయి చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. ఆయన తన చేతుల్తోనే వత్తి వేసి, నూనె పోసి, అగ్గిపుల్ల గీశాడు. వేడి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఇరవై అయిదు, ఇరవై ఎనిమిది, ముప్పై. మిషన్ హోరున అందుకుంది. వెనక డ్రాయర్లు తెరిచి రగ్గులు బయటికి తీస్తున్న చప్పుడు వినబడింది.

భద్రప్రసాద్ గారు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. తెరిచి దేవుడి పటాలను చూశాడు, దీపాన్ని చూశాడు. దానికి జానెడు పైన నేను ముప్పై చూపిస్తూనే ఉన్నాను. ఆ జానెడు మాత్రం ఆయన తలెత్తలేదు.